అవకాశాదర్శము – రాజ్యవాస్తవము : అమెరికా వాఙ్మయమున ఒక పరిశీలనము

1

మానవుని యభ్యుదయమునకు కారణమేమి యను ప్రశ్న మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు. దైవమని కొందఱును, పురుషకారమని కొందఱును, రెండును కూడవలెనని కొందఱును వాదించిరి. భారతమునందలి శాంతిపర్వము ఈ వాదమునకు మూడవ పదార్థము నొకదానిని చేర్చినది. కాలము రాజునకు కారణమా, రాజు కాలమునకు కారణమా యను సందేహము వలదనియు, రాజే కాలమునకు కారణమనియు భీష్ముడు ధర్మరాజునకు బోధించెను. మనుజుడెంత యత్నించినను ఆ యత్నము ఫలించుటకు తగిన కాలమును కల్పించునది రాజ్యమే యని దీని భావము. అమెరికా వాఙ్మయమును చదువునపుడు దైవము, పురుషకారము, రాజ్యము అను ఈ మూడు మాటలును మాకు పదే పదే స్ఫురించినవి. కష్టపడువాడు తప్పక పైకి వచ్చునని చాటి, పురుషకారమును జాతీయధర్మముగా నిలుపుకొన్న దేశమది. ఆ ప్రతిజ్ఞకును, ఆ దేశపు శాసనములు నడచిన తీరునకును నడుమనున్న యంతరమును అక్కడి రచయితలు ఎట్లు గ్రహించిరో, ఎచ్చట గ్రహింపలేకపోయిరో పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

'అమెరికా స్వప్నము' అను మాటకు వ్యాప్తి కలిగించినవాడు చరిత్రకారుడగు జేమ్స్ ట్రస్లో ఆడమ్స్. ఆర్థికమాంద్యము ఆ దేశమును క్రుంగదీయుచున్న దినములలో, 1931లో, ఆయన 'ది ఎపిక్ ఆఫ్ అమెరికా' యను గ్రంథమును ప్రకటించి అందా స్వప్నమును నిర్వచించెను. మోటారు కార్లును పెద్ద జీతములును మాత్రమే ఆ స్వప్నము కాదనియు, పుట్టుకతో నిమిత్తము లేక ప్రతి స్త్రీయు ప్రతి పురుషుడును తమ శక్తికి తగినంత యెత్తునకు ఎదుగగల సంఘవ్యవస్థయే ఆ స్వప్నమనియు ఆయన తాత్పర్యము. ఈ నిర్వచనమున ప్రధానమైన పదము వ్యవస్థ. లోకవ్యవహారమున ఆ మాట ప్రచారమైన కొలదిని వ్యవస్థ జాఱిపోయి, ఎదుగు వ్యక్తి యొక్కడే మిగిలెను. ఈ జాఱుపాటు వాఙ్మయమున చాల ముందే జరిగినది. అవకాశమును వ్యక్తిగుణముగా చిత్రించిన రచనలు వాస్తవమును మఱుగుపఱచినవనియు, దానిని రాజ్యము నిర్మించిన వస్తువుగా చూచిన రచనలే ఆదర్శమునకును వాస్తవమునకును గల దూరమును కొలువగలిగినవనియు మా సిద్ధాంతము.

2

మొదట శాసనముల స్థితిని సంగ్రహముగా చెప్పుట యవసరము. 1776 నాటి స్వాతంత్ర్యప్రకటనము మనుజులందఱును సములుగా సృజింపబడిరని పలికినది. 1787లో రచింపబడిన రాజ్యాంగము, రాష్ట్రములకు ప్రతినిధులను పంచు సందర్భమున, బానిసలను ఐదింట మూడు వంతుల చొప్పున లెక్కింపు మన్నది. 1790 నాటి పౌరసత్వశాసనము, వలసవచ్చినవారిలో స్వతంత్రులైన శ్వేతజాతీయులకు మాత్రమే పౌరులగు నర్హత నిచ్చినది. అంతర్యుద్ధానంతరము, 1870లో, పదునైదవ సవరణ జాతి కారణముగా ఓటును నిరాకరింపరాదని విధించినను, దక్షిణరాష్ట్రములు ఓటుపన్నును, అక్షరాస్యతా పరీక్షలను అడ్డు నిలిపి ఆ హక్కును దాదాపు నూఱేండ్లు వమ్ముచేసినవి. కావున ఈ యంతరము ఎవరో కొందఱు దుర్మార్గులు ఆదర్శమును మీఱుటవలన కలిగినది కాదు. ఆదర్శము వ్రాసిన చేతులే దానికి ఎల్లలును గీచినవి.

ఈ సత్యమును వాఙ్మయగౌరవముతో మొదట పలికినవారిలో ఫ్రెడరిక్ డగ్లస్ అగ్రగణ్యుడు. బానిసత్వమున పుట్టి తప్పించుకొని వచ్చిన ఆయన, 1852 జులై 5వ తేదీన రాచెస్టర్ నగరమున, స్వాతంత్ర్యదినోత్సవము బానిస కేమగునని ప్రశ్నించుచు ప్రసంగించెను. ఆ ప్రసంగము నిర్మాణమున గొప్పది. మొదట ఆదర్శమును మనసార స్తుతించి, శ్రోతలను ఒప్పించి, తరువాత ఆ స్తుతిచేతనే వారిని బంధించును. ఆదర్శమును తిరస్కరించువానికి వాస్తవమును నిలదీయు నధికారము లేదు. దానిని నమ్మినవానికే కలదు. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్ నగరమున ఆ ప్రతిజ్ఞను తీర్పని ఋణపత్రముతో పోల్చినపుడు ఈ మార్గమునే అనుసరించెను. ఋణపత్రమును చించివేయువాడు అప్పు రాబట్టుకొనలేడు గదా.

3

అవకాశమును వ్యక్తిగుణముగా చిత్రించిన రచనలకు హొరేషియో ఆల్జర్ ప్రతినిధి. 1868లో గ్రంథరూపమున వెలువడిన 'ర్యాగెడ్ డిక్' న్యూయార్కు వీథులలో బూట్లకు రంగు వేయు అనాథబాలుని కథ. అతడు నిజాయితీపరుడు, డబ్బు కూడబెట్టును, తన గదిలో చోటిచ్చి మఱియొక బాలునిచే చదువు చెప్పించుకొనును. ఈ సుగుణములచేతనే అతడు వృద్ధిలోనికి వచ్చెనని లోకము చెప్పుకొన్నది. మేము కథను మఱల పరిశీలింపగా వేఱొక విషయము గోచరించినది. డిక్ బ్రతుకు నిజముగా మలుపు తిరుగునది పడవమీద. ఒక పసివాడు నీటిలో పడగా డిక్ దూకి రక్షించును. ఆ పసివాని తండ్రి ధనికుడైన వర్తకుడు. కృతజ్ఞుడై డిక్‌కు వారమునకు పది డాలర్ల జీతముతో గుమాస్తా పని యిచ్చును. నీటిలో పడినది బీదవాని బిడ్డయే యైనచో? డిక్ సాహసము అంతయే. ఫలము మాత్రము శూన్యము.

కావున పురుషకారమునకు మహాకావ్యమని పేరొందిన ఈ కథకు నిర్వహణసంధిలో ఆధారము దైవము. దానికి తోడు ధనికుని దయ. రచయిత యుద్దేశించిన ధర్మమును రచయిత కల్పించిన ఇతివృత్తమే ఖండించుచున్నది. ఇందు రాజ్యము ఊసే లేదు. బాలునికి ఇల్లు లేకుండుట యెందువలన, బడి లేకుండుట యెందువలన అను ప్రశ్నలకు కథలో తావు లేదు. తావు లేదు గనుకనే యాదృచ్ఛికసంఘటనము కావలసివచ్చినది. శిల్పదోషముగా కనిపించు ఈ యాదృచ్ఛికత నిజమునకు భావదోషమునుండి పుట్టినది.

4

జాన్ స్టైన్‌బెక్ 1939లో వెలువరించిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' నవలలో అవకాశము కరపత్రరూపమున దర్శనమిచ్చును. ఓక్లహోమాలో భూమి కోల్పోయిన జోడ్ కుటుంబము, కాలిఫోర్నియాలో కూలీలు కావలెనను కరపత్రమును నమ్మి బయలుదేఱును. దారిలో, కాలిఫోర్నియా నుండి తిరిగివచ్చుచున్న ఒక చిరుగుబట్టలవాడు ఆ కరపత్రము లెక్కను విప్పిచెప్పును. కావలసినవారు ఎనిమిది వందలు. అచ్చువేసిన కరపత్రములు ఐదు వేలు. చదువువారు ఇరువది వేలు. బయలుదేఱువారు రెండు మూడు వేలు. ఒక్క పనికి నలుగురు పోటీపడిన కొలదిని కూలి తగ్గుచుపోవును. తన బిడ్డలు ఆకలితో చచ్చిరనియు, మరణవిచారణాధికారి మాత్రము గుండె ఆగి చచ్చిరని వ్రాసికొనెననియు అతడు చెప్పును. ఆకలి రాజ్యమునకు సంబంధించినది, గుండె వ్యక్తికి సంబంధించినది. ఒక కారణమును తుడిచి వేఱొక కారణమును వ్రాయుటలో రాజ్యము తన బాధ్యతను ఎట్లు తప్పించుకొనునో ఈ చిన్న మాటలో రచయిత ధ్వనింపజేసెను. నవల మొత్తమున ఇంతకంటె గొప్ప ధ్వని లేదని మా యభిప్రాయము.

ఇదే నవలలో ప్రభుత్వశిబిర మొకటి కలదు. అందు వేడినీరు, మరుగుదొడ్లు, నివాసులు తామే యెన్నుకొన్న సంఘములు కలవు. అధికారపత్రము లేక రక్షకభటులు అందు ప్రవేశింపరాదు. ఇది కేవలకల్పనము కాదు. కాలిఫోర్నియాలోని ఆర్విన్ శిబిరమును నడిపిన టామ్ కాలిన్స్‌కు నవల యంకితములో స్థానమున్నది. మనుష్యులు వారే, రాజ్యము కల్పించిన పరిసరము మాఱగనే వారి నడత మాఱెను, మానము నిలిచెను. ఐనను పని దొరకక జోడ్ కుటుంబము ఆ శిబిరమును విడువవలసివచ్చినది. ఈ ఘట్టమునకు కారణము శాసనములలో కనిపించును. కార్మికసంఘములకు రక్షణ నిచ్చిన 1935 నాటి శాసనము వ్యవసాయకూలీలను మినహాయించినది; కనీసవేతనమును నిర్ణయించిన 1938 నాటి శాసనము కూడ వారిని వదలినది. రాజ్యము వారికి స్నానమునకు నీరిచ్చినది. కూలి బేరమాడు బలము నీయలేదు.

నవలలో లోపములును కలవు. ఆ పొలములలో అంతకుముందునుండియు పనిచేసిన మెక్సికో, ఫిలిప్పైన్ కూలీలకు ఇందు తగిన పాత్రము లేదు. ఫిలిప్పైన్ దేశస్థుడగు కార్లోస్ బులొసాన్ 1946లో 'అమెరికా ఈజ్ ఇన్ ది హార్ట్' వ్రాసి ఆ లోటును కొంత తీర్చెను. రెండవది, ముగింపు. వరదలో, పాడుపడిన కొట్టములో, మృతశిశువును ప్రసవించిన యువతి ఆకలితో కృశించిన అపరిచితునికి స్తన్యమిచ్చుటతో నవల ముగియును. కరుణరసపోషణమునకు ఈ దృశ్యము అసమానము. ఐనను అంతవఱకు రాజ్యమును నిలదీసిన కథ కడపట తల్లి గుండెను ఆశ్రయించినది. కరుణ ఒకని ప్రాణమును నిలుపగలదు, కూలిరేటును నిర్ణయింపజాలదు.

5

ఆర్థర్ మిల్లర్ నాటకము 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' 1949లోను, లొరెయిన్ హాన్స్‌బెరీ నాటకము 'ఎ రెయిజిన్ ఇన్ ది సన్' 1959లోను న్యూయార్కు రంగస్థలము నెక్కినవి. ఈ రెండింటిని జతగా చదివినచో ఏ ఒక్కదానను వేఱుగా కనిపింపని సత్యము బయటపడును. రెంటిలోను ఇతివృత్తమునకు ఇరుసు బీమాసొమ్మును ఇల్లును. మిల్లర్ నాటకమున విల్లీ లోమన్ తన మరణముచే వచ్చు ఇరువది వేల డాలర్లు కుమారునికి పెట్టుబడి యగునని తలచి ప్రాణము తీసికొనును. హాన్స్‌బెరీ నాటకమున తండ్రి అప్పటికే మరణించియున్నాడు. ఆయన బీమాసొమ్ము పది వేల డాలర్ల రాకతో కథ ప్రారంభమగును. ఒకచోట పర్యవసానమైన మరణము వేఱొకచోట ప్రారంభమైనది. అవకాశముల దేశమున కష్టజీవి తన సంతానమున కీయగల మూలధనము తన శవమే యని రెండు నాటకములును ఏకకంఠముగా చెప్పుచున్నవి.

ఇక భేదమును చూతము. విల్లీకి బ్రూక్లిన్‌లో ఇల్లున్నది. ఇరువదియైదేండ్ల తాకట్టుఋణముతో కొన్న ఆ యింటి కడపటి వాయిదా అంత్యక్రియలనాడు తీఱినట్లు భార్య సమాధియొద్ద చెప్పును. ఋణము తీఱెను, నివసింపవలసినవాడు లేడు. ఇచ్చట విషాదమునకు కారణము, చేయి చాచినవారందఱికిని విజయము లభించునని విల్లీ నమ్మిన నమ్మకము. ముప్పదేండ్లకు పైబడి పనిచేసిన సంస్థ తనను తొలగించినను అతడు తన్ను తాను నిందించుకొనునే కాని ఆ నమ్మకమును సందేహింపడు.

షికాగో నగరపు దక్షిణభాగమున ఇఱుకుగదులలో నివసించు యంగర్ కుటుంబపు స్థితి వేఱు. తల్లి లీనా మూడు వేల ఐదు వందల డాలర్లు బయానాగా నిచ్చి క్లైబోర్న్ పార్కు అను తెల్లవారి పేటలో ఇల్లు కొనును. నల్లవారి కొఱకు కట్టిన యిండ్లకు రెట్టింపు ధర యని ఆమె కారణము చెప్పును. ఆమె చేసినది గృహిణి లెక్క, పోరాటము కాదు. అంతట ఆ పేట సంఘము పక్షమున లిండ్నర్ అను పెద్దమనిషి వచ్చి, మిక్కిలి మర్యాదగా, ఇల్లు తమకే లాభమునకు అమ్మివేయుడని కోరును. అతడు దుష్టపాత్రము కాడు. సౌమ్యుడు, కొంత బిడియస్థుడు కూడ. పాత్రపోషణమున హాన్స్‌బెరీ ప్రతిభ ఇచ్చటనే వ్యక్తమగును. ద్వేషము వ్యక్తిలో ఉన్నచో వ్యక్తిని మాన్పవచ్చును. అది వ్యవస్థగా నిలిచినపుడు మర్యాదస్థుడును దాని పని చక్కగా చేయగలడు.

లిండ్నర్ వెనుక రాజ్యము నిలిచియున్నది. 1934లో ఏర్పడిన సమాఖ్య గృహనిర్మాణసంస్థ, తాను పూచీపడు ఋణముల విషయమున, నల్లవారికి ఇండ్లు అమ్మరాదను ఒడంబడికలను తన నియమావళిలోనే మెచ్చుకొన్నది. అట్టి ఒడంబడికలను న్యాయస్థానములు అమలుపఱుపరాదని సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించినది 1948లో. ఇంటి అమ్మకమున జాతివివక్షను నిషేధించిన శాసనము వచ్చినది 1968లో, అనగా నాటకము వెలువడిన తొమ్మిదేండ్లకు. రచయిత్రికి ఇది గ్రంథజ్ఞానము కాదు. ఆమె తండ్రి కార్ల్ హాన్స్‌బెరీ షికాగోలో తెల్లవారి పేటలో ఇల్లు కొని, ఆ వ్యాజ్యమును సర్వోన్నత న్యాయస్థానమువఱకు నడిపి 1940లో గెలిచెను. ఐనను ఆ తీర్పు ఒడంబడికల మూలధర్మమును ముట్టక ప్రక్రియావిషయముతో ముగిసినది. గెలిచినను తీఱని ఈ వెలితియే నాటకాంతమున ధ్వనించును. కుమారుడు వాల్టర్ మిగిలిన సొమ్మును మోసగానిచేతిలో పోగొట్టియు, కడపట లిండ్నర్ సొమ్మును తిరస్కరించును. కుటుంబము సామానులు సర్దుకొనును. యవనిక అంతటితో పడును. క్రొత్తయింట వారికేమి జరిగెనో నాటకము చూపదు. వ్యక్తి చేయవలసినది చేసెను. రాజ్యము చేయవలసినది మిగిలియున్నదని ఆ మౌనమునకు అర్థము.

6

ఈ విచారము మనకేల యని కొందఱు పాఠకు లడుగవచ్చును. నేడు ఆంధ్రప్రదేశ్ తెలంగాణములనుండి అమెరికా వెళ్ళి స్థిరపడినవారు అసంఖ్యాకులు. వారి యభ్యుదయకథను మన యిండ్లలో చెప్పుకొను తీరు ఆల్జర్ కథ తీరే: తెలివిగలవాడు, కష్టపడినాడు, పైకి వచ్చినాడు. ఇందు అసత్యము లేదు, లోపము కలదు. తెలివియు శ్రమయు గల భారతీయులు అంతకుముందును ఆ దేశమునకు వెళ్ళిరి. కాలిఫోర్నియాలో విద్యార్థిగా నుండి గదర్ ఉద్యమమున చేరిన దరిశి చెంచయ్య మన తెలుగువాడే. ఆ తరమునకు ఆ దేశ మిచ్చిన స్థానమేమి? 1913 నాటి కాలిఫోర్నియా శాసనము పౌరసత్వార్హత లేని విదేశీయులు సాగుభూమి కొనరాదన్నది. 1923లో, మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యమున పనిచేసిన భగత్ సింగ్ థిండ్ శ్వేతజాతీయుడు కాడని, కావున పౌరుడు కాజాలడని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది.

దలీప్ సింగ్ సౌంద్ చరిత్రము మా సిద్ధాంతమునకు పరమోదాహరణము. ఆయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున గణితశాస్త్రమున డాక్టరు పట్టము పొందియు, తగిన ఉద్యోగము లభింపక, ఇంపీరియల్ లోయలో వ్యవసాయము చేసెను. భారతీయులకు పౌరసత్వము నీయవలెనని యితరులతో కలసి పోరాడెను. 1946లో శాసనము మాఱెను. 1949లో ఆయన పౌరుడయ్యెను. 1956లో అమెరికా ప్రతినిధిసభకు ఎన్నికైన తొలి ఆసియావాసి యయ్యెను. పొలమున నిలిచినవాడును సభలో కూర్చున్నవాడును ఒక్కడే. పురుషకారమున భేదము లేదు. మాఱినది శాసనము.

1965లో రెండు శాసనములు వెలువడినవి. ఆగష్టు 6న ఓటుహక్కుల శాసనము, అక్టోబరు 3న జాతులవారీ కోటాలను తొలగించిన వలసశాసనము. నల్లవారు దెబ్బలు తిని, చెఱసాలలకు పోయి, ప్రాణములిచ్చి సృజించిన న్యాయబుద్ధియే రెండవదానికిని ప్రాణమిచ్చినది. మన వైద్యులును ఇంజనీర్లును ప్రవేశించినది ఆ ద్వారముననే. ఆ ద్వారము సైతము చదువును, వృత్తికౌశలమును చూచి తెఱచుకొన్నది. కాబట్టి ప్రవేశించినవారి విజయమునుబట్టి ద్వారము బయట నిలిచినవారిని సోమరులని తలచుట తర్కదోషము. ఉద్యోగముపై వచ్చువారి స్థిరనివాసపత్రములలో ఏ యొక్క దేశమునకును నూటికి ఏడు వంతులు మించరాదను నియమముచే, ఏండ్లతరబడి వేచియున్న మన కుటుంబములకు ఈ మాట ఇపుడు సులభముగా అర్థమగును. వారి శ్రమలో కొఱత యేమి కలదు?

7

ఇచ్చట రెండు పూర్వపక్షములు కలవు. ఈ యంతరము నానాటికి తగ్గుచునే యున్నదని మొదటిది. బానిసత్వము పోయెను, ఓటు వచ్చెను, ఇండ్ల వివక్ష శాసనవిరుద్ధమయ్యెను, ఇది సత్యమే. కాని ఈ గతి సరళరేఖ కాదు. 1965 నాటి ఓటుహక్కుల శాసనమున కీలకమైన పర్యవేక్షణసూత్రమును సర్వోన్నత న్యాయస్థానము 2013లో కొట్టివేసినది. 1940లో పుట్టిన అమెరికనులలో నూటికి సుమారు తొంబదిమంది తమ తలిదండ్రులకంటె అధికముగా ఆర్జింపగా, 1980లో పుట్టినవారిలో సుమారు సగముమందియే అట్లు ఆర్జించిరని రాజ్ చెట్టి ప్రభృతులైన ఆర్థికశాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిరి. తరమునకు తరము శ్రమించు గుణము ఇంతగా క్షీణించినదని చెప్పువా డెవడు? క్షీణించినది వ్యవస్థ.

రాజ్యమును విమర్శించు రచన ప్రచారమగునే కాని కావ్యము కాదని రెండవది. దీనికి మా సమాధానము పైని విమర్శలోనే యున్నది. రాజ్యమును మఱచిన ఆల్జర్ కథ శిల్పముననే చెడినది. యాదృచ్ఛికత లేక అడుగు వేయలేకపోయినది. రాజ్యమును గుర్తించిన స్టైన్‌బెక్, హాన్స్‌బెరీలు ఉపన్యాసము చేయక, ఒకరు కరపత్రమునందును ఒకరు మర్యాదస్థుని పలుకునందును దానిని ధ్వనింపజేసిరి. కార్యకారణసంబంధము సత్యమైనపుడే ఇతివృత్తము బలపడునను ఔచిత్యసూత్రము ఇందుచే సమర్థితమగుచున్నది.

అమెరికా యాదర్శము కపటమని కొట్టివేయుట మా యుద్దేశము కాదు. దానిని నమ్మినవారే దాని లోటును చూపిరి. చూపినవారే దానిని కొంతవఱకు నిజము చేసిరి. శాంతిపర్వమున భీష్ముడు రాజును కాలమునకు కారణ మన్నపుడు అది స్తుతి కాదు; రాజుపై మోపిన భారము. ప్రజలే రాజులైన దేశమున ఆ భారము ప్రజలది. కావున మన బిడ్డల యభ్యుదయమును చెప్పుకొనునపుడు వారి శ్రమతోపాటు ఆ ద్వారమును తెఱపించినవారి శ్రమను కూడ చెప్పుట న్యాయము. అట్లు చెప్పని కథ, ఎంత సంతోషకరమైనను, సగము కథయే.